ఉమెషు ఊరబెట్టే ముందు ఆల్కహాల్ లెక్క చూసుకోండి

మీరు అడిగినవన్నీ ఒకచోట పెట్టుకుని మొదలుపెడతాను. మీరు టోక్యోలో నిషికసాయ్ వైపు ఉంటున్నారు. జూన్ రాగానే సూపర్ మార్కెట్ గుమ్మం దగ్గరే పచ్చటి ఉమె కాయల (ఆప్రికాట్‌కు దగ్గరి బంధువైన పుల్లటి కాయ) సంచులు, పటికబెల్లం పొట్లాలు, ఎర్ర మూత గాజు జాడీలు, అట్టడబ్బాల్లో మద్యం పక్కపక్కనే పేర్చి ఉండటం చూశారు. ఇంట్లో ఉమెషు, అంటే ఆ కాయలను చక్కెరతో మద్యంలో ఊరబెట్టిన పానీయం, పెట్టాలనిపించింది. ఎవరో ఇచ్చిన పెద్ద సీసా సాకే (బియ్యం పులియబెట్టి చేసే జపాన్ మద్యం) ఉంది కాబట్టి కాయలు అందులోనే వేయొచ్చా, చక్కెర సగానికి తగ్గించొచ్చా, గింజలో విషం ఉంటుందన్న మాట నిజమేనా, ద్రాక్ష, మామిడి కూడా ఇలాగే చేయొచ్చా, తయారయ్యాక ఇండియాకు తీసుకెళ్లొచ్చా, దీపావళి కార్యక్రమంలో అమ్మొచ్చా అన్నవి మీ ప్రశ్నలు.

అన్నిటికన్నా ముందు సాకే సంగతి. అందులో వేయకండి. రుచి బాగుండదని కాదు, జాడీ పులుస్తుంది. పైగా అది జపాన్‌లో చట్టవిరుద్ధం. ఈ రెండూ ఒకే కారణం నుంచి పుట్టినవి. ఆ కారణం అర్థమైతే మీ మిగతా ప్రశ్నల్లో సగానికి మీరే జవాబు చెప్పుకోగలరు.

చాలామంది సీసా మీద రాసిన శాతాన్నే చూస్తారు. చూడాల్సింది కాయల్లోని నీరంతా బయటికి వచ్చాక జాడీలో మిగిలే శాతం. జపాన్ ఇళ్లలో అందరూ వాడే కొలత ఇది: కిలో ఉమె, 1.8 లీటర్ల 35 శాతం మద్యం, అర కిలో నుంచి కిలో వరకు పటికబెల్లం. 800 గ్రాముల పటికబెల్లం వేశామనుకుందాం. 1.8 లీటర్లలో 35 శాతం అంటే శుద్ధ ఆల్కహాల్ 630 మిల్లీలీటర్లు. కరిగిన పటికబెల్లం సుమారు అర లీటరు చోటు ఆక్రమిస్తుంది. కిలో కాయల్లో గింజలు తీసేస్తే ముప్పావు లీటరు దాకా నీరే. మొత్తం మూడు లీటర్ల పైచిలుకు. 630ని దానితో భాగిస్తే 20 శాతం దగ్గర తేలుతుంది. 35తో మొదలుపెట్టి 20కి దిగామన్నమాట.

ఇప్పుడు అదే లెక్క మీ సాకేతో వేయండి. సాకే 15 శాతం ఉంటుంది. 1.8 లీటర్లలో ఆల్కహాల్ 270 మిల్లీలీటర్లే. కాయలు, చక్కెర కలిశాక 9 శాతం లోపు. అంటే వైన్ కన్నా పలుచన, అందులో బోలెడంత చక్కెర, దాని మీద తోట నుంచి వచ్చిన కాయ తొక్కకు అంటుకున్న ఈస్టు. ఈస్టుకు ఇంతకన్నా మంచి ఇల్లు ఎక్కడ దొరుకుతుంది? నాకు తెలిసిన ఒకాయన ఇలాగే చేస్తే రెండో వారంలో మూత తీయగానే బుస్సుమని పొంగింది. పైన తెల్లటి పొర, పులిసిన పిండి వాసన. మొత్తం సింకులో పారబోయాల్సి వచ్చింది.

మామూలు షోచూ, అంటే జపాన్‌లో కాచి తీసే మద్యం, 25 శాతం ఉంటుంది. అదే కొలతతో వేస్తే చివరికి 15 శాతం లోపే తేలుతుంది. చట్టం ఒప్పుకుంటుంది కానీ ఆ హద్దు నాకు నచ్చదు. ఇంట్లో అదే ఉంటే కాయలు 600 గ్రాములకు తగ్గించండి, చక్కెర మాత్రం తగ్గించకండి.

ఇక చట్టం. జపాన్ మద్యపు పన్ను చట్టం ప్రకారం మద్యంలో వేరే పదార్థం కలిపితే కొత్త మద్యం తయారుచేసినట్టే లెక్క, దానికి లైసెన్సు కావాలి. ఇళ్లలో ఉమెషు పెట్టుకునేవారి కోసం 1962లో మినహాయింపు ఇచ్చారు. షరతులు కొన్ని ఉన్నాయి. మొదట పోసే మద్యం 20 శాతం లేదా అంతకు మించి ఉండాలి, అది పన్ను కట్టి కొన్నదై ఉండాలి. కలిపాక జాడీలో కొత్తగా 1 శాతం లేదా అంతకు మించి ఆల్కహాల్ పులిసి పుట్టకూడదు. బియ్యం, గోధుమ, బార్లీ, మొక్కజొన్న, జొన్న వంటి ధాన్యాలు, పిండిపదార్థం, కోజి (ధాన్యం మీద పెంచే బూజు), సాకే పిప్పి, ద్రాక్ష వేయకూడదు. మీరు, మీతో ఒకే ఇంట్లో ఉండే బంధువులు తాగడానికే చేసుకోవాలి, అమ్మకూడదు. మీ ద్రాక్ష ప్రశ్నకు జవాబు ఇక్కడే వచ్చేసింది. అడవి ద్రాక్షకూ ఇదే నిషేధం. 20 శాతం అన్న గీత ఎందుకు గీశారో పై లెక్క చూస్తే తెలుస్తుంది. ఆ ఘాటులో ఈస్టు సాధారణంగా బతకదు.

మరి ఏ మద్యం కొనాలి? అట్టడబ్బా మీద వైట్ లిక్కర్ అని ఉంటుంది, 35 శాతం. నిరంతర స్వేదనంతో తీసిన షోచూ అది, తనకంటూ వాసన ఉండదు. ఆ రకం షోచూ 36 శాతం లోపే ఉండాలని చట్టం చెబుతుంది కాబట్టి దుకాణంలో మీకు కనబడే గరిష్ఠం 35. మొదటిసారి దాంతోనే పెట్టండి, కాయ రుచి ఏమిటో తెలుస్తుంది. తర్వాత కావాలంటే బ్రాందీలో పెట్టండి. గింజ నుంచి వచ్చే బాదం వాసనకు బ్రాందీ బాగా జోడీ కుదురుతుంది. వోడ్కా కూడా సరే. జిన్ మాత్రం నేను వద్దంటాను. జిన్‌కు వాసననిచ్చే జునిపర్ కాయ ముందు ఉమె ఓడిపోతుంది. ఖరీదైన సీసా కొనడం ఇక్కడ శుద్ధ దండగ.

కాయల విషయానికి వద్దాం. జపాన్ ఉమె పంటలో సగానికి పైగా వకయామా జిల్లాది. మినబే, తనబే ప్రాంతపు ఉమె సాగు విధానాన్ని ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ 2015లో ప్రపంచ వ్యవసాయ వారసత్వంగా గుర్తించింది. అక్కడి నన్కో రకం కాయ పెద్దది, తొక్క పలుచన, కండ ఎక్కువ. టోక్యో చుట్టుపక్కల గున్మా నుంచి వచ్చే షిరకగ రకం కూడా దొరుకుతుంది. ఇది గట్టి కాయ, పుల్లన ఎక్కువ. రకం కన్నా కాయ ఏ దశలో ఉందన్నదే ముఖ్యం. పచ్చి కాయ వేస్తే రసం తేటగా, నాలుకను చురుక్కుమనిపించే పులుపుతో వస్తుంది. పసుపు తిరిగిన కాయ వేస్తే దూరం నుంచే ఆప్రికాట్ లాంటి వాసన కొడుతుంది గానీ రసం కొంచెం మబ్బుగా ఉంటుంది. నా ఓటు సగం పచ్చి, సగం పసుపు తిరిగినవాటికి. దెబ్బ తగిలిన కాయ, నల్ల మచ్చ పడి మెత్తబడిన కాయ మాత్రం పక్కన పడేయండి. పొదుపు చూపించాల్సిన చోటు ఇది కాదు.

కొన్నరోజే పని మొదలుపెట్టాలి. పచ్చి కాయలు సంచిలో ఒకరోజు ఉంటే పసుపు తిరుగుతాయి, వేసవి గదిలో చెమర్చి మచ్చలు పడతాయి. వీలు కాకపోతే కడిగి, తుడిచి ఫ్రీజర్‌లో పెట్టండి. గడ్డకట్టినప్పుడు కాయ లోపలి కణాలు పగులుతాయి కాబట్టి తర్వాత రసం తొందరగా దిగుతుంది. కరగనివ్వకుండా అలాగే జాడీలో వేసేయవచ్చు.

తాజా పచ్చి కాయలైతే కడిగి గంటా రెండు గంటలు నీళ్లలో ఉంచితే వగరు కొంత పోతుంది. పండినవాటికి ఈ స్నానం అక్కర్లేదు, ఉంచితే చెడతాయి. తర్వాత ముచ్చికలు తీయాలి. కాయ పైన చిన్న గుంట ఉంటుంది, అందులో మిరియం గింజకన్నా చిన్నదిగా గోధుమరంగు ముచ్చిక కూర్చుని ఉంటుంది. వెదురు పుల్ల కొనను దాని అంచు కిందికి పోనిచ్చి కొద్దిగా పైకి ఎత్తితే టప్పున ఊడి వస్తుంది, కింద శుభ్రమైన గుంట కనబడుతుంది. గోరుతో గిల్లితే తొక్క చీరుకుంటుంది. పుల్లను లోపలికి గుచ్చినా అంతే. ముచ్చిక ఉండిపోతే రసంలో చేదు దిగుతుంది, దాని కిందే నీటి చుక్క దాక్కుంటుంది. అందుకే ముచ్చిక తీశాక మళ్లీ ఒకసారి ప్రతి కాయనూ పొడిగుడ్డతో, గుంటతో సహా తుడవాలి. ఆవకాయ పెట్టే ఇంట్లో పెరిగినవాళ్లకు తడి గురించి ఇంతకన్నా చెప్పక్కర్లేదు.

జాడీ నాలుగు లీటర్లది తీసుకోండి, మందమైన గాజుది. అందులో మరిగే నీళ్లు పోస్తే పగలవచ్చు. కడిగి పూర్తిగా ఆరబెట్టి, అదే 35 శాతం మద్యం ఒక గరిటెడు పోసి జాడీ అంతా తిప్పి, పారబోసి, మూత లోపలి వైపును కూడా దాంతోనే తుడిస్తే చాలు. ఆ తర్వాత ఒక వరుస కాయలు, ఒక వరుస పటికబెల్లం అలా పేర్చి, పైన మద్యం నెమ్మదిగా పోసి మూత పెట్టేయడమే. మొత్తం పని సాయంత్రం టీ తాగే లోపు అయిపోతుంది.

మామూలు పంచదార ఉండగా ఈ పటికబెల్లం ఎందుకని చాలామంది అడుగుతారు. కారణం నెమ్మదితనమే. పలుకులు మెల్లగా కరుగుతాయి కాబట్టి మొదట్లో చుట్టూ ఉన్నది దాదాపు ఒట్టి మద్యమే. అది కాయలోకి దిగుతుంది. తర్వాత చక్కెర కరిగి బయటి రసం చిక్కబడ్డకొద్దీ, లోపలికి దిగిన మద్యం కాయ పులుపును, వాసనను వెంటబెట్టుకుని బయటికి వస్తుంది. పంచదార వేస్తే మొదటి రోజే చుట్టూ పాకంలా చిక్కబడుతుంది, కాయలు నీరు వదిలేసి ముడుచుకుపోతాయి. ఉమెషు రాదని కాదు, వస్తుంది. వాసన పలచబడుతుంది. దొరక్కపోతే పంచదారను మూడు నాలుగు విడతలుగా, వారానికోసారి వేసుకోవచ్చు.

చక్కెర సగానికి తగ్గించడం గురించి: 35 శాతం మద్యం వాడితే 500 గ్రాముల దాకా తగ్గించవచ్చు. పులుపు ఎక్కువగా తెలుస్తుంది, ఊరడానికి ఇంకో రెండు మూడు నెలలు పడుతుంది. మద్యం 25 శాతమైతే తగ్గించవద్దు, అక్కడ చక్కెర కూడా కాపలా ఉద్యోగం చేస్తోంది. మధుమేహం ఉన్నవాళ్లు ఇంట్లో ఉంటే ఒక లెక్క గుర్తుంచుకోవాలి. 800 గ్రాములు వేసిన జాడీలో లీటరుకు సుమారు 260 గ్రాముల చక్కెర ఉంటుంది, అంటే 50 మిల్లీలీటర్ల చిన్న గ్లాసులో 13 గ్రాములు. సోడా, మంచుముక్కలు కలిపితే ఘాటు తగ్గినట్టనిపిస్తుంది గానీ చక్కెర అంతే ఉంటుంది.

జాడీని ఎండ తగలని, పొయ్యికి దూరంగా ఉండే అలమరలో పెట్టండి. మీ అపార్టుమెంట్లో సింకు కింద అర సరిపోతుంది. మొదట్లో కాయలు తేలతాయి. తేలిన కాయ నెత్తి మీద మద్యం తగలదు, బూజు పట్టేది అక్కడే. అందుకని మొదటి వారం రోజూ, తర్వాత పలుకులన్నీ కరిగేదాకా వారానికి రెండుసార్లు జాడీని రెండు చేతులతో పట్టుకుని వంచి తిప్పండి. గరిటె పెట్టి కలపొద్దు. మూడు నెలలకు రుచి చూడొచ్చు, కానీ అప్పుడు మద్యం ఒకవైపు, పులుపు ఒకవైపు విడివిడిగా తగులుతాయి. ఆరు నెలలకు కలుస్తాయి. ఏడాదికి గడ్డి రంగు తేనె రంగవుతుంది. నా నాలుకకు ఏడాదిన్నర నాటిదే బాగుంటుంది. కాయలను ఏడాదికల్లా తీసేయాలి, ఇంకా ఉంచితే చేదు దిగుతుంది, చివికి మడ్డి కడుతుంది. కొన్ని ముడుచుకుంటాయి, కొన్ని బొద్దుగానే ఉంటాయి, దాని గురించి బెంగ అక్కర్లేదు. రసం మబ్బుగా ఉంటే అది పండిన కాయల్లోని పెక్టిన్ అనే జిగురు పదార్థం, హాని లేదు, కాఫీ వడపోత కాగితంలో వంపుకోవచ్చు. బుడగలు ఆగకుండా పైకి రావడం, మూత ఉబ్బడం, బూజు, వెనిగర్ వాసన కనబడితే మాత్రం రక్షించాలని చూడకండి, పారబోయండి.

గింజ ప్రశ్నకు జవాబు: నిజమే. ఉమె గింజలో, పచ్చి కాయ కండలో కూడా అమిగ్డలిన్ ఉంటుంది. అది విచ్ఛిన్నమైతే సయనైడ్ పుడుతుంది. అందుకే పచ్చి ఉమెను ఎవరూ కొరుక్కుతినరు, మీరూ రుచి చూడకండి. మద్యంలో, చక్కెరలో నెలల తరబడి ఊరేసరికి ఆ పదార్థం బాగా తగ్గిపోతుంది. అది విడిపోయినప్పుడే బెంజాల్డిహైడ్ కూడా వస్తుంది, ఉమెషులోని ఆ బాదం వాసన దానిదే. కాబట్టి గింజలు తీయక్కర్లేదు, తీస్తే వాసనే పోతుంది. గింజ పగలగొట్టి లోపలి పప్పును మాత్రం వేయకండి, తినకండి. ఇదే జాతి సమస్య లోకాట్ గింజలకూ ఉంది, వాటి పొడి తినవద్దని జపాన్ వ్యవసాయ మంత్రిత్వ శాఖే ప్రజలను హెచ్చరించింది. ఇక మిథనాల్ భయం. పత్రికల్లో చదివే కల్తీసారా మరణాలు దానివల్లే. మనం ఇక్కడ కాచడం లేదు, పులియబెట్టడం లేదు. దుకాణంలో సీలు ఉన్న సీసా కొని పోస్తున్నంతవరకు ఆ ప్రమాదం ఈ జాడీలో పుట్టదు. లేబుల్ లేని మద్యం, శానిటైజర్, పరిశ్రమల స్పిరిట్ మాత్రం ఎంత చవకైనా దగ్గరికి రానివ్వకండి.

మామిడి గురించి ఆశ పెట్టుకోకండి. దాని గొప్పతనం కండలో, తీపిలో ఉంది. మద్యంలో ఆ కండ మెత్తబడి పిప్పవుతుంది, వాసన ఉడికిన పండులా మారుతుంది. పులుపు లేదు కనుక రసం చప్పగా తోస్తుంది. తప్పదంటే గట్టి పండు ముక్కలు, ఒక నిమ్మకాయ కలిపి వేసి, మూడు వారాల్లో ముక్కలు తీసేయండి. సీతాఫలం అసలు ప్రయత్నించవద్దు. పులుపు, సువాసన తొక్కలో ఉన్నవే ఈ పనికి బాగా ఒదుగుతాయి: నిమ్మ, యుజు, కింకన్ (చివరి రెండూ జపాన్‌లో దొరికే నిమ్మజాతి కాయలు). నిమ్మకు తొక్క కింది తెల్లటి పొర చేదు కాబట్టి ఒలిచేయాలి, పసుపు తొక్కను విడిగా వేసి వారానికి తీసేయాలి. స్ట్రాబెర్రీ కొన్ని రోజుల్లోనే రంగంతా వదిలి తెల్లబడుతుంది, రెండు వారాల తర్వాత దాన్ని ఉంచి లాభం లేదు. అన్నిటికన్నా నాకిష్టం కరిన్ అనే కాయ. శరదృతువులో వస్తుంది, పచ్చిగా తినలేనంత గట్టి కాయ, కోయడానికి కత్తి మీద రెండు చేతులూ వేయాలి. ఆరు నెలలు ఆగితే మాత్రం దాని వాసన ఇంకే పండుకూ రాదు.

హైదరాబాద్‌లోనో విజయవాడలోనో ఉండి ఇది చదివేవాళ్లకు ఒక మాట. మన దగ్గర దొరికే వోడ్కా, తెల్ల రమ్ము మామూలుగా 42.8 శాతం, అంటే లెక్కలో మీకు ఇంకా వెసులుబాటు ఉంది. 750 మిల్లీలీటర్ల సీసాకు 400 గ్రాముల నేరేడు పళ్లు, 300 గ్రాముల పటికబెల్లం వేస్తే చివరికి 25 శాతం దగ్గర తేలుతుంది. రంగు చూసి తీరాలి. వగరు ఎక్కువవకుండా నెలకే పళ్లు తీసేయండి. ఇంట్లో ఎంత మద్యం ఉంచుకోవచ్చన్నది రాష్ట్రాన్ని బట్టి మారుతుంది, అబ్కారీ నిబంధన చూసుకోండి. బీహార్, గుజరాత్‌లలో మద్య నిషేధం ఉంది.

దీపావళి స్టాలులో అమ్మడం కుదరదు, పైన చెప్పిన మినహాయింపు అమ్మకానికి వర్తించదు. రెస్టారెంట్లు, బార్లు తమ దగ్గరే వడ్డించుకునేందుకు 2008 నుంచి వేరే ఏర్పాటు ఉంది గానీ అది ముందుగా పన్నుశాఖకు తెలియజేసి చేసేది, మనకు సంబంధించింది కాదు. ఇండియాకు తీసుకెళ్లాలంటే దుకాణంలో సీలు వేసిన ఉమెషు కొనుక్కెళ్లమని నా సలహా. విమాన సామానులో 24 శాతం దాటిన మద్యం కంపెనీ ప్యాకింగులోనే ఉండాలని నియమం. మీ జాడీలోది 20 ఉందని కౌంటరు దగ్గర ఎలా రుజువు చేస్తారు? కొనేటప్పుడు లేబుల్ మీద హొన్‌కాకు ఉమెషు అన్న మాట ఉందేమో చూడండి. ఉమె, చక్కెర, మద్యం తప్ప పులుపు పొడులు, రంగులు, కృత్రిమ సువాసనలు కలపనిదానికే 2015 నుంచి తయారీదారుల సంఘం ఆ పేరు వాడుతోంది.

తీసేసిన కాయలను పారేయకండి. గింజలు తీసి, కండకు కాస్త చక్కెర చేర్చి ఉడికిస్తే జామ్ అవుతుంది. ఉడికించినా మద్యం పూర్తిగా పోదు. జపాన్‌లో 20 ఏళ్ల లోపు వాళ్లు మద్యం తాగకూడదు, కాబట్టి ఆ సీసా మీద పేరు రాసి పిల్లలకు అందనంత ఎత్తులో పెట్టండి. ఉడికించని కాయలు రెండు మూడు తిన్నా కారు తాళం ముట్టుకోకండి. ఇక్కడ లీటరు ఊపిరిలో 0.15 మిల్లీగ్రాముల ఆల్కహాల్ కనబడితే చాలు, కేసు పెడతారు.